బల్లమీది గాలిమర: ఆరు సెషన్ల ప్రాజెక్టు డైరీ

పని ఇదీ: 8, 9 తరగతుల పిల్లలు నాలుగు జట్లుగా, జట్టుకు ఐదుగురు చొప్పున, 40 సెంటీమీటర్ల వ్యాసమున్న గాలిమర ఒక్కొక్కటి కట్టాలి. దాన్ని ఫ్యాను గాలిలో తిప్పి, ఎన్ని మిల్లీవాట్లు వస్తున్నాయో తామే కొలవాలి. ఒక్కో సెషను గంటన్నర. పవన విద్యుత్తు పాఠాలు చాలావరకు ఎల్ఈడీ మిణుక్కుమనగానే చప్పట్లతో ముగిసిపోతాయి. ఇక్కడ ఎల్ఈడీకి పెద్ద పాత్ర లేదు. రెక్కలు, జనరేటరు, లోడు (వచ్చిన కరెంటును వాడుకునేది), ఈ మూడింటికీ జత కుదరకపోతే ఎంత గాలి వీచినా చేతికొచ్చేది దాదాపు సున్నా. ఆ సంగతి పిల్లలు మీటరులో చూడాలని ప్రయోగాలన్నీ అమర్చుకున్నాం.

సామాను, జట్టుకు

నెమా 17 సైజు స్టెప్పర్ మోటారు (మెట్టు మెట్టుగా తిరిగే మోటారు) ఒకటి, ఇక్కడ జనరేటరు ఇదే. దాని 5 మిల్లీమీటర్ల షాఫ్టుకు హబ్బును బిగించే ఫ్లాంజ్ కప్లింగ్ ఒకటి. 8 సెంటీమీటర్ల వ్యాసం, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న గుండ్రని చెక్క బిళ్ల ఒకటి, ఇది హబ్బు. 6 మిల్లీమీటర్ల చెక్క పుల్లలు 12 సెంటీమీటర్ల ముక్కలుగా ఆరు. లోపల గొట్టాల్లాంటి గదులుండే 4 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ షీటు, 14 × 6 సెంటీమీటర్ల రెక్కలు ఆరు తెగేంత. 1ఎన్5819 షాట్కీ డయోడ్లు (కరెంటును ఒక్క దిక్కుకే పోనిచ్చేవి) ఎనిమిది, 470 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్ ఒకటి. రెసిస్టర్లు 10, 22, 47, 100, 220 ఓములు, ఒక్కోటి ఒకటి. అన్నీ 1 వాటువే కావాలి. పావు వాటు రెసిస్టర్ మీద నాలుగో సెషన్లో 230 మిల్లీవాట్లు పడతాయి, అంటే సరిగ్గా అంచుమీద నడుస్తుంది. వేడెక్కిన రెసిస్టర్ విలువ జరిగితే లెక్కా జరుగుతుంది.

స్టాండుకు 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపు 60 సెంటీమీటర్లు, 40 × 40 సెంటీమీటర్ల చెక్క పీట, దాని మీద 2 కిలోల ఇసుక సంచి. అందరికీ కలిపి ఒక గాలివేగం మీటరు, ఒక 400 మిల్లీమీటర్ల పెడెస్టల్ ఫ్యాను, రెండు మల్టీమీటర్లు (ఫ్రీక్వెన్సీ చూపేవైతే మేలు), ఇంట్లో పనికిరాని బొమ్మకారు మోటార్లు నాలుగు. చివరివి ఓడిపోవడానికే తెప్పించినవి.

ముందుగా చెప్పవలసిన జాగ్రత్త ఒకటి. ఈ సైజు రోటరు (హబ్బూ రెక్కలూ కలిసి తిరిగే భాగం) నిమిషానికి 550 చుట్లు తిరిగితే రెక్క కొస వేగం సెకనుకు 11 మీటర్లు దాటుతుంది, గంటకు సుమారు 41 కిలోమీటర్లు. ఊడిన రెక్క వెళ్లేది ముందుకూ వెనక్కీ కాదు, తిరిగే తలంలోనే పక్కకు. కాబట్టి పక్కన ఎవరూ నిలబడకూడదు. తిరుగుతున్నంతసేపూ కళ్లద్దాలు తీయకూడదు.

1వ సెషన్: ముందు గాలి లెక్క

రెక్కలు ముట్టుకోకముందే ఫ్యాను గాలిని కొలిచాం. ఫ్యాను అటూ ఇటూ తిరగకుండా పిన్ను లాగి, పూర్తి స్పీడులో పెట్టి, సరిగ్గా 1 మీటరు దూరంలో దారంతో 40 సెంటీమీటర్ల వృత్తం కట్టాం. ఆ వృత్తంలో మీటరును జరుపుతూ పోతే మొదటి ఆశ్చర్యం మధ్యలోనే ఎదురైంది. ఫ్యాను మోటారు ఎదుట గాలి బాగా నెమ్మది. మధ్యలో సెకనుకు 2.4 మీటర్లు, 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం దగ్గర 4.6, అంచు దగ్గర 3.8.

నాలుగు జట్లూ మూడింటినీ కూడి మూడుతో భాగించి 3.6 అని రాశాయి. ఇక్కడే కాసేపు ఆగాలి. గాలిలో ఉండే పవరు = ½ × గాలి సాంద్రత × రెక్కలు తుడిచే వైశాల్యం × వేగం ఘనం. ఘనం ఎందుకంటే, వేగం రెట్టింపైతే ఒక్కో కిలో గాలిలో ఉండే శక్తి నాలుగింతలవుతుంది, పైగా సెకనుకు వచ్చే గాలి కిలోలూ రెట్టింపవుతాయి. రెండూ కలిస్తే ఎనిమిదింతలు. ఇలా ఘనంలో పెరిగే దానికి సగటు ముందు తీసి తర్వాత ఘనం చేస్తే తక్కువొస్తుంది. ఒక్కో చోటి వేగాన్ని ముందు ఘనం చేసి, ఆ చోటు ఆక్రమించే వైశాల్యంతో తూచి, అప్పుడు సగటు తీయాలి.

వృత్తాన్ని మూడు భాగాలు చేశాం. 6 సెంటీమీటర్ల వ్యాసార్ధం వరకు నడిమి బిళ్ల, మొత్తం వైశాల్యంలో 9 శాతం. 6 నుంచి 14 వరకు నడిమి పట్టీ, 40 శాతం. 14 నుంచి 20 వరకు అంచు పట్టీ, 51 శాతం. సన్నగా కనబడే అంచు పట్టీయే సగానికి పైన ఉందని పిల్లలు ఓ పట్టాన నమ్మరు. గ్రాఫు కాగితం మీద గళ్లు లెక్కపెట్టించాం. అలా తూచితే వేగం ఘనం సగటు 68.2. సాంద్రత 1.2, వైశాల్యం 0.1257 చదరపు మీటర్లు పెడితే 5.1 వాట్లు. 3.6ని ఘనం చేసినవాళ్లకు వచ్చింది 3.5 వాట్లు. కొలత ఒకటే, గాలీ ఒకటే. సగటు తీసిన తీరుకే 1.6 వాట్ల తేడా. ఈ 5.1 వాట్లు ఇకమీద ప్రతి లెక్కకూ అడుగున ఉంటుంది కాబట్టి బోర్డు మూలన రాసి చెరపకుండా ఉంచాం.

ఈ 5.1 మొత్తం ఏ యంత్రానికీ దొరకదు. గాలిలోని శక్తినంతా లాగేస్తే గాలి రెక్కల వెనకాలే ఆగిపోవాలి, ఆగిపోతే వెనక నుంచి వచ్చేదానికి దారుండదు. జర్మనీకి చెందిన ఆల్బర్ట్ బెట్జ్ 1919లో దీని హద్దు లెక్కగట్టాడు: 27లో 16 వంతులు, అంటే 59.3 శాతం. మన ఫ్యానుకు అది 3 వాట్లు.

ఫ్యాను గాలికి ఇంకో గుణముంది. అది తిన్నగా రాదు, మెలితిరుగుతూ వస్తుంది. ఒక పుల్లకు దారం కట్టి గాలిలో పట్టుకుంటే దారం పక్కకు ఒరిగి కనబడుతుంది. గాలిమర ఆ మెలికకు ఎదురు తిరిగితే కాస్త ఎక్కువ వస్తుంది, అదే దిక్కున తిరిగితే కాస్త తక్కువ. అందుకే నాలుగు జట్ల రెక్కలూ ఒకే దిక్కుకు వంచాలని నియమం పెట్టాం. లేకపోతే రెక్కల గొప్ప ఏదో, ఫ్యాను చలవ ఏదో తేలదు.

2వ సెషన్: హబ్బు, రెక్కలు

హబ్బు అంచు చుట్టూ 30 డిగ్రీలకు ఒకటి చొప్పున 12 రంధ్రాలు, 6 మిల్లీమీటర్ల బిట్టుతో, 2 సెంటీమీటర్ల లోతు. 12 ఎందుకంటే 2, 3, 4, 6 రెక్కలు వేటినైనా సమాన దూరాల్లో పెట్టుకోవచ్చు. పన్నెండూ ఒకేసారి పెట్టడం కుదరదు, 6 సెంటీమీటర్ల వెడల్పు రెక్కలు హబ్బు దగ్గర ఒకదానిమీద ఒకటి ఎక్కేస్తాయి. చెక్క నిప్పులు కక్కుతున్నట్టు పొగొస్తే బిట్టు మొద్దుబారిందని అర్థం, ఇంకా గట్టిగా నొక్కమని కాదు.

ఈ హబ్బులో అన్నిటికన్నా ముఖ్యమైన రంధ్రం నడిమిది. కప్లింగ్ 1 మిల్లీమీటరు పక్కకు జరిగినా తిరిగేటప్పుడు మొత్తం రోటరు ఊగుతుంది. మధ్యబిందువు స్కేలుతో కాదు, కంపాసుతో బిళ్ల గీసినప్పుడు పడిన ముల్లు గుంటనే వాడాలి. రెండు జట్లు బిళ్ల కోసేశాక మధ్య వెతికాయి; ఆ రెండు హబ్బులూ మళ్లీ చేయాల్సి వచ్చింది.

రెక్క కోసేటప్పుడు షీటు లోపలి గొట్టాలు పొడవు వెంట ఉండాలి. అడ్డంగా కోస్తే గాలి తగలగానే రెక్క నడుము దగ్గర ముడుచుకుంటుంది. పుల్లను రెక్క వెనక 8 సెంటీమీటర్లు అంటించి, 2 సెంటీమీటర్లు ఖాళీ వదిలి, మిగిలిన 2 హబ్బులోకి. హబ్బు వ్యాసార్ధం 4, ఖాళీ 2, రెక్క 14, మొత్తం 20. వేడి జిగురు ఒక్కటే సరిపోదు. చల్లారాక నున్నటి ప్లాస్టిక్ మీద నుంచి పొరలా లేచిపోతుంది. షీటును ఉప్పుకాగితంతో గరుకు చేసి, జిగురు వేసి, పైన రెండుచోట్ల సన్నటి ప్లాస్టిక్ ట్యాగులు బిగించాం. హబ్బులో పుల్ల జారకుండా పక్కనుంచి ఒక చిన్న స్క్రూ. కోణం మార్చాలంటే స్క్రూ సడలించి, తిప్పి, మళ్లీ బిగించాలి.

కోణం దేనితో కొలవాలన్నది ముందే తేల్చుకోవాలి. ఇక్కడ కోణమంటే రెక్కకూ అది తిరిగే తలానికీ మధ్య ఉన్నది. రెక్క గాలికి బల్లపరుపుగా ఎదురుంటే 0, కత్తిలా నిలబడితే 90. ఒక జట్టు దీన్ని తలకిందులు చేసుకుని 20 అనుకుంటూ 70 పెట్టింది. అట్టముక్క మీద 10, 20, 30, 45, 60 డిగ్రీల కోతలు కోసి ఇచ్చాక ఆ గొడవ పోయింది. ప్రోట్రాక్టరు పట్టుకుని ఆరు రెక్కలకూ ఒకే కోణం తేవడం పిల్లలకే కాదు, ఎవరికైనా కష్టమే.

తూకం దగ్గర తొందర పడకూడదు. రోటరును నున్నటి మేకుకు తగిలించి వదిలితే బరువు రెక్క కిందికి వచ్చి ఆగుతుంది. పైన ఆగిన రెక్క కొసకు టేపు ముక్క అంటించాలి. ఎటు తిప్పి వదిలినా ఎక్కడపడితే అక్కడ ఆగేదాకా ఇదే. 2 గ్రాముల తేడాతో ఏమవుతుందని అడిగినవాళ్లకు లెక్క చూపించాం. 15 సెంటీమీటర్ల దూరంలో 2 గ్రాములు, నిమిషానికి 550 చుట్ల దగ్గర స్టాండును 1 న్యూటను బలంతో లాగుతుంది, అదీ సెకనుకు 9 సార్లు దిక్కు మారుస్తూ. ఫ్యాను గాలి మొత్తం రోటరును వెనక్కి నెట్టే బలమూ రమారమి అంతే. 2 గ్రాముల టేపు అంటే అంత.

3వ సెషన్: మోటారు ఎంపిక, అనుకున్నట్టే ఓటమి

మోటారు షాఫ్టును తిప్పితే కరెంటు వస్తుందన్నది అందరికీ తెలుసు. ఎంత వేగంగా తిప్పితే ఎంత వస్తుందన్నది మోటారు మీద ఉంటుంది. ముందు బొమ్మకారు మోటారు బిగించాం. రోటరు బ్రహ్మాండంగా తిరిగింది. మీటరులో 0.18 వోల్టులు. ఎరుపు ఎల్ఈడీకి 1.8 కావాలి.

కారణం మోటారు వేగంలోనే ఉంది. 3 వోల్టులిస్తే అది నిమిషానికి 10,000 చుట్లకు పైగా తిరుగుతుంది. తిరగేస్తే, వోల్టుకు 3,300 చుట్లు కావాలి. మన రోటరు తిరిగేది 600. మోటారు కొనేముందు చూడవలసిన అంకె ఇదొక్కటే: చుట్లను వోల్టులతో భాగించాలి, ఎంత తక్కువొస్తే అంత మంచిది. 24 వోల్టులకు 3,000 చుట్లు తిరిగే మోటారైతే వోల్టుకు 125 చుట్లే. అదే 600 దగ్గర 4.8 వోల్టులు ఇస్తుంది. పాత టేప్‌రికార్డరు మోటార్లు కాగితం మీద బాగానే కనబడతాయి కానీ, చాలావాటి లోపల వేగాన్ని నిలకడగా ఉంచే చిన్న సర్క్యూటు ఉంటుంది. దాన్ని తీసెయ్యకపోతే ఎంత తిప్పినా ఏమీ రాదు.

గేర్లు పెడితే సరిపోదా అని మూడు జట్లు అడిగాయి. సరైన ప్రశ్నే. చిన్న రోబో బండ్లకు వాడే పసుపురంగు గేర్ మోటారు ఒకటి ఇచ్చాం, 1కి 48. దాని చక్రం వైపు రోటరు పెడితే కదలనైనా కదల్లేదు. గేరు వేగాన్ని 48 రెట్లు పెంచితే, మోటారు లోపలి రాపిడి రోటరుకు 48 రెట్లై కనబడుతుంది, దానికి గేర్ల రాపిడి అదనం. చేత్తో తిప్పినప్పుడు మెత్తగా అనిపించింది గాలికి గోడలా అడ్డం పడుతుంది.

స్టెప్పర్ మోటారు ఇక్కడ గట్టెక్కిస్తుంది. దాని లోపల తిరిగే భాగంలో 50 జతల అయస్కాంత ధ్రువాలున్నట్టు లెక్క, ఒక్క చుట్టుకు 50 ఆవర్తనాలు. తక్కువ వేగానికే వోల్టేజీ బాగా వస్తుంది, గేరు అక్కర్లేదు. గేర్‌బాక్సు లేని పెద్ద గాలిమరల్లో చేసేదీ ఇదే. నిమిషానికి పదీ పదిహేను చుట్లే తిరిగే రోటరుకు నేరుగా చాలా ధ్రువాలున్న జనరేటరు తగిలిస్తారు. గేర్‌బాక్సు ఉన్నవాటిలో వేగాన్ని దాదాపు వంద రెట్లు పెంచుతారు.

స్టెప్పర్ మోటారు నాలుగు తీగల్లో ఏ రెండు ఒకే కాయిలువో (లోపలి తీగచుట్టవో) తెలుసుకోవడానికి మీటరుకన్నా వేళ్లే మేలు. షాఫ్టును వేళ్లతో తిప్పుతూ ఏవైనా రెండు తీగల కొసలు కలపాలి. వేరు వేరు కాయిళ్లవైతే తేడా తెలీదు. ఒకే కాయిలువైతే షాఫ్టు తేనెలో తిరుగుతున్నట్టు బరువెక్కుతుంది. వదిలితే తేలిక, కలిపితే బరువు. కరెంటు తీసుకుంటే తిప్పేవాడికి బరువు పడుతుందన్న పాఠం పది వాక్యాల్లో చెప్పేది ఇక్కడ రెండు వేళ్లకు తెలిసింది. ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ ఒకసారి తిప్పి చూసేదాకా సోల్డరింగ్ మొదలుపెట్టలేదు.

వచ్చేది ఏసీ కాబట్టి దాన్ని డీసీగా మార్చడానికి కాయిలుకు నాలుగు డయోడ్ల బ్రిడ్జి చొప్పున రెండు. వాటి ప్లస్సులు ఒకటిగా, మైనస్సులు ఒకటిగా కలిపి, కెపాసిటర్ అడ్డంగా. మామూలు 1ఎన్4007 డయోడ్లు కూడా పని చేస్తాయి, కానీ కరెంటు దారిలో ఎప్పుడూ రెండు డయోడ్లుంటాయి, ఒక్కోటి 0.7 వోల్టు మింగుతుంది. 70 మిల్లీ ఆంపియర్ల దగ్గర అది 98 మిల్లీవాట్లు. షాట్కీ డయోడు 0.3 మింగితే 42. మొత్తం వచ్చేదే రెండు మూడు వందల మిల్లీవాట్లైనప్పుడు ఇది చిన్న విషయం కాదు. కెపాసిటర్ మైనస్ చార తప్పువైపు పెట్టిన బోర్డు ఒకటి పవరు ఇవ్వకముందే దొరికింది. ఫ్యాను వేసే ముందు ప్రతి జట్టు బోర్డునూ పక్క జట్టు చూడాలన్న నియమం అందుకే.

బ్రిడ్జికి ముందు, కాయిలు తీగలు కలిపే రెండు పోళ్ల స్విచ్చు ఒకటి పెట్టాం. అదే బ్రేకు. బ్రిడ్జి తర్వాత పెడితే డయోడ్ల 0.6 వోల్టు దాటేదాకా బ్రేకు పట్టదు, రోటరు మెల్లగా పాకుతూనే ఉంటుంది.

4వ సెషన్: తొమ్మిది వోల్టుల గర్వం

లోడు లేకుండా కొలిస్తే రెండో జట్టుది 9 వోల్టులు, నాలుగో జట్టుది 5.6. రెండో జట్టువి మూడు రెక్కలు, కోణం బాగా తక్కువ, 8 డిగ్రీల దాకా. చేత్తో నెట్టాలి కానీ నెట్టాక ఈల వేస్తూ తిరుగుతుంది. నాలుగో జట్టువి ఆరు రెక్కలు, 20 డిగ్రీలు, నింపాదిగా తిరుగుతుంది.

ఇద్దరికీ 47 ఓముల రెసిస్టర్ ఇచ్చాం. రెండో జట్టు మీటరు చూస్తూ చూస్తూ 1.2కి పడింది. నాలుగో జట్టుది 3.3 దగ్గర నిలబడింది. వోల్టులను వోల్టులతో గుణించి ఓములతో భాగిస్తే పవరు: ఒకరివి 31 మిల్లీవాట్లు, ఇంకొకరివి 232. ఏడింతల పైమాటే. ఖాళీగా తిరిగేటప్పుడు వోల్టులు చూపేది వేగాన్ని మాత్రమే, పని చేయించుకున్నప్పుడు కానీ సత్తా బయటపడదు. రెండో జట్టు రోటరుకు వేగముంది, తిప్పే బలం లేదు. లోడు పడగానే వేగం తగ్గింది. వేగం తగ్గగానే రెక్కకు గాలి తగిలే కోణం మారిపోయి, రెక్క ఎత్తే బలం పోయి, ఇంకా తగ్గింది.

కరెంటును ఆమీటరుతో కొలవనివ్వలేదు. లోడుకు అడ్డంగా పెట్టేసి ఫ్యూజు కాల్చడం మామూలే. తెలిసిన రెసిస్టరు మీద వోల్టులు కొలిస్తే చాలు.

తర్వాత నాలుగో జట్టు గాలిమరకే ఐదు రెసిస్టర్లూ వరసగా పెట్టాం. ప్రతిదానికీ వేగం కుదురుకోవడానికి 30 సెకన్లు ఆగి రాసుకోవాలి, కంగారుపడితే పాత వేగం అంకెలే వస్తాయి.

220 ఓములు: 4.8 వోల్టులు, 105 మిల్లీవాట్లు
100 ఓములు: 4.2 వోల్టులు, 176 మిల్లీవాట్లు
47 ఓములు: 3.3 వోల్టులు, 232 మిల్లీవాట్లు
22 ఓములు: 1.9 వోల్టులు, 164 మిల్లీవాట్లు
10 ఓములు: 0.7 వోల్టులు, 49 మిల్లీవాట్లు

మధ్యలో కొండ, అటూ ఇటూ పల్లం. 220 దగ్గర రోటరుకు పనే చాలదు. 10 దగ్గర పని మీద పడి ఊపిరాడదు. పెద్ద గాలిమరల్లో ఎలక్ట్రానిక్స్ నిమిషం నిమిషం వెతికేది ఈ కొండ కొసనే, ఎందుకంటే గాలి వేగం మారినప్పుడల్లా కొస జరుగుతుంది.

వేగం కొలవడానికి వేరే పరికరం అక్కర్లేదు. బ్రిడ్జికి ముందు ఒక కాయిలు మీద ఫ్రీక్వెన్సీ చూసి 50తో భాగిస్తే సెకనుకు చుట్లు. 47 ఓముల దగ్గర 205 హెర్ట్జ్, అంటే సెకనుకు 4.1 చుట్లు, నిమిషానికి 246. మీటరులో ఫ్రీక్వెన్సీ లేకపోతే ఒక రెక్కకు నల్ల టేపు అంటించి ఫోనులో స్లోమోషన్ తీసి ఫ్రేములు లెక్కపెట్టవచ్చు.

గాలిలో 5.1 వాట్లు, చేతికి 0.232. అంటే 4.5 శాతం. మిగతాది ఎక్కడికి పోయిందని అడిగితే పిల్లలు వెంటనే రాపిడి అంటారు. రాపిడి ఉంది, కాయిళ్లూ ఇనుమూ డయోడ్లూ తినేదీ ఉంది. కానీ పెద్ద దొంగ రెక్కలే. వంపూ మెలికా లేని అట్టలాంటి రెక్క గాలి నుంచి లాగేది కొంచెమే, మిగిలింది సుడులు తిరుగుతూ వెనక్కి పోయింది.

5వ సెషన్: కోణం, రెక్కల సంఖ్య

ఆరు రెక్కలు, 47 ఓములు, కోణం ఒక్కటే మార్చాం. 10 డిగ్రీల దగ్గర తనంతట తాను కదల్లేదు; నెడితే 42 మిల్లీవాట్లు. 20 దగ్గర 232, 30 దగ్గర 179, 45 దగ్గర 69, 60 దగ్గర 8.

విచిత్రం ఏమిటంటే, 45 దగ్గర రోటరు అన్నిటికన్నా చురుగ్గా బయలుదేరింది. ఆగి ఉన్న రెక్కకు గాలి ఎదురుగానే తగులుతుంది, అప్పుడు బాగా వాలిన రెక్కకు బలం ఎక్కువ. తిరగడం మొదలయ్యాక రెక్క తన గాలిని తానే తెచ్చుకుంటుంది, సైకిలు తొక్కేవాడికి గాలి లేని రోజున కూడా ముఖాన గాలి కొట్టినట్టు. ఆ రెండు గాలులూ కలిసి తగిలే దిక్కు తిరిగే తలం వైపు వాలిపోతుంది, కొస ఎంత జోరుగా తిరిగితే అంత. కాబట్టి నడిచేటప్పుడు కోణం తక్కువుండాలి. రెక్క కొస వేగంగా, హబ్బు వైపు మొదలు నెమ్మదిగా తిరుగుతాయి కాబట్టి మొదలు దగ్గర కోణం ఎక్కువ, కొసకు తక్కువ కావాలి. పెద్ద గాలిమర రెక్క మెలితిరిగి ఉండేది ఇందుకే.

ఇక సంఖ్య. 20 డిగ్రీల దగ్గర 2 రెక్కలు కదల్లేదు. 3 రెక్కలు నెడితే తిరిగి 94 మిల్లీవాట్లు, 4 రెక్కలు 155, 6 రెక్కలు 232. మరి బయట కనబడేవన్నీ మూడు రెక్కలవేనేం?

దీనికి చరిత్రలోనే జవాబుంది. 1888లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో చార్లెస్ బ్రష్ కట్టిన గాలిమరకు 144 రెక్కలు, 17 మీటర్ల వ్యాసం, వచ్చేది 12 కిలోవాట్లు. డైనమోకు నిమిషానికి 500 చుట్లు అందించాలంటే వేగాన్ని 50 రెట్లు పెంచాల్సి వచ్చింది. డెన్మార్క్‌లోని ఆస్కోవ్‌లో 1891 నుంచి ప్రయోగాలు చేసిన పౌల్ లా కూర్, కొద్ది రెక్కలతో వేగంగా తిరిగేదే కరెంటుకు మేలని తేల్చాడు. రెక్కలు ఎక్కువైతే తిప్పే బలం ఎక్కువ, వేగం తక్కువ. బావిలోంచి నీళ్లు తోడే గాలిమరకు అది వరం. మన స్టెప్పర్ మోటారు నీళ్లు తోడే పంపులాంటిదే. లోపలి అయస్కాంతాలు ఒక్కో మెట్టు దగ్గర పట్టి లాగుతుంటే షాఫ్టు కటకటమంటుంది. ఆ పట్టు విడిపించడానికి 2 న్యూటన్-సెంటీమీటర్ల దాకా బలం కావాలి. ఈ గాలికి రోటరు ఆగి ఉన్నప్పుడు ఇచ్చేదీ అటూ ఇటూగా అంతే. అందుకే రెండు రెక్కలు ఓడి ఆరు గెలిచాయి.

నిజమో కాదో చూడటానికి జనరేటరు మార్చాం. పట్టు తక్కువుండే 24 వోల్టుల, 3,000 చుట్ల డీసీ మోటారు పెట్టి, ఆరు అట్ట రెక్కలతో తిప్పితే 47 ఓముల మీద 2.2 వోల్టులు, 103 మిల్లీవాట్లే. 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు నుంచి కోసిన మూడు వంపు రెక్కలు పెడితే 3.5 వోల్టులు, 261 మిల్లీవాట్లు. జనరేటరు మారగానే గెలిచేవాడు మారిపోయాడు.

పైపు రెక్క కోత: 20 సెంటీమీటర్ల పైపును నిలువునా నాలుగు చేస్తే ఒక్కో పలక 86 మిల్లీమీటర్ల వెడల్పు. ఒక అంచు తిన్నగా ఉంచి, మొదలు దగ్గర 55, కొసకు 25 మిల్లీమీటర్లు వచ్చేలా రెండో అంచు ఏటవాలుగా కోయాలి. తిన్నటి అంచు గాలిని ముందు కోసేది, దాన్ని గుండ్రంగా అరగదీయాలి, వెనకది పలచగా. అరగదీసేటప్పుడు ముక్కుకు మాస్కు. పైపును వేడి చేసి వంచాలని చూడకూడదు, మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ పొగ వస్తుంది. ఎండలో ఏళ్లతరబడి పడి ఉన్న పైపు పనికిరాదు, పెళుసుబారి తిరుగుతుండగానే ముక్కలవుతుంది.

6వ సెషన్: దాచడం, ఆరుబయట

ఫ్యాను గాలి నిలకడ. ఆకాశపు గాలి కాదు. దాచుకోవడానికి 1 ఫారడ్, 5.5 వోల్టుల సూపర్ కెపాసిటర్ వాడాం. 5 వోల్టులకు నిండితే 12.5 జౌళ్లు, 2 వోల్టులకు దిగేదాకా వాడుకుంటే 10.5. 20 మిల్లీవాట్లు తాగే ఎల్ఈడీ దాంతో 8 నిమిషాల పైన వెలుగుతుంది. గుర్తుంచుకోవలసింది: నిండాక లోడు పోయినట్టే, రోటరు పరుగు తీస్తుంది, వోల్టేజీ 9 దాకా పోతుంది, 5.5 వోల్టుల కెపాసిటర్ చెడుతుంది. అడ్డంగా 5.1 వోల్టుల, 1 వాటు జీనర్ డయోడు (వోల్టేజీని తన అంకె దాటనివ్వని డయోడు) తప్పనిసరి.

మేడ మీద పెట్టిన గంటలో రోటరు తిరిగింది తక్కువ, తల తిప్పింది ఎక్కువ. తోక కట్టినా గాలి దిక్కు అరనిమిషానికోసారి మారుతోంది. పిట్టగోడ మీద నుంచి పొర్లి వచ్చే గాలి సుడులమయం. చిన్న గాలిమర నిలబెట్టేవాళ్లు పాటించే కొలత ఒకటుంది: 150 మీటర్ల లోపు ఉన్న చెట్టూ గోడా దేనికన్నా రెక్కల కింది కొస 9 మీటర్లు పైన ఉండాలి. పిట్టగోడ పక్కన 60 సెంటీమీటర్ల స్టాండు దానికి ఎక్కడా సరితూగదు. అదే గాలిలో పిట్టగోడ మీదికి చాచి పట్టిన మీటరు సెకనుకు 4 మీటర్లు చూపిస్తే, స్టాండు దగ్గర 2 చూపించింది. సగం వేగం, ఎనిమిదో వంతు పవరు.

పెద్ద లెక్క ఒకటి బోర్డు మీద చేయించాం. 100 మీటర్ల రోటరు మనదానికి వ్యాసంలో 250 రెట్లు, వైశాల్యంలో 62,500 రెట్లు. సెకనుకు 10 మీటర్ల గాలిలో దానిమీదుగా పోయేది 4.7 మెగావాట్లు, 45 శాతం పట్టుకుంటే 2.1 మెగావాట్లు. అలాంటివి సెకనుకు 3, 4 మీటర్ల గాలికి బయలుదేరి, 25 దగ్గర తమను తాము ఆపుకుంటాయి.

మిగిలిన పని: మొదటి జట్టు కప్లింగ్ గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) షాఫ్టు చదును మీద కాకుండా గుండ్రటి వైపు బిగించి ఉంది, రెండుసార్లు సడలింది, తిప్పి బిగించాలి. మూడో జట్టు హబ్బులో రెండు రంధ్రాలు వదులయ్యాయి, కొత్త బిళ్ల కోయాలి. పైపు రెక్కలను 10, 15 డిగ్రీల దగ్గర ఐదు రెసిస్టర్లతోనూ మళ్లీ కొలవాలి. ఇప్పటిదాకా చూసింది 47 ఓములే, ఈ డీసీ మోటారుకు కొండ కొస అక్కడే ఉండాలనేం లేదు.